బయానా ముట్టింది, రిజిస్ట్రేషన్ కాలేదు: ఈలోగా పేటెంట్ కేసు ఎవరి చేతిలో?

మా చిన్నాయన పరకాల రోడ్డులో ఎకరం ఇరవై గుంటలు అమ్మడానికి బయానా తీసుకున్నాడు. రిజిస్ట్రేషన్‌కు మూడు నెలల గడువు. మధ్యలో వానలు పడ్డాయి. పక్క చేను రైతు ట్రాక్టర్‌తో గెట్టు తొక్కి మూడు సాళ్లు లోపలికి దున్నాడు. పొద్దున పోయి చూస్తే గెట్టు మీద ఉండే తుమ్మ మొద్దు ఒక్కటే మిగిలింది, దాని చుట్టూ తడి మట్టి పెళ్లలు. చిన్నాయన కోపంతో కోర్టుకు పోతానన్నాడు. కొనే ఆయనకు ఆ మాట తెలిసి ఫోన్ చేశాడు: "అన్నా, నాకు చెప్పకుండా కేసు వేయకు. రాజీకి కూడా రాకు. రేపు ఆ భూమి నాది." చిన్నాయన ఫోన్ పెట్టేసి మా వైపు తిరిగి అడిగాడు: "పట్టా నా పేరు మీదున్నది. గెట్టు నాది. కేసు వేయాలంటే ఆయన్ను అడగాల్నా?"

పెద్ద పెద్ద కంపెనీల మధ్య కోట్ల డాలర్ల మీద నడిచే ఒక చిక్కుముడి మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొంటున్నట్టు ప్రకటన వస్తుంది. అమ్ముడుపోయే కంపెనీ అప్పటికే ఎవరి మీదో పేటెంట్ కేసులు నడుపుతూ ఉంటుంది, కొత్తవి కూడా వేస్తుంది. పేపర్లో పేరు ఒకరిది పడుతుంది, వెనక ఉన్నది ఇంకొకరని జనం అనుకుంటారు. నిజంగా కేసు నడిపిస్తున్నది ఎవరు? అనుమతి ఎవరు ఇవ్వాలి? ఓడిపోతే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది?

సంతకం ఒక రోజు, క్లోజింగ్ ఇంకో రోజు

కంపెనీ కొనుగోలులో రెండు తేదీలు ఉంటాయి. కొంటాను, అమ్ముతాను అని ఒప్పందం మీద సంతకాలు పడేది మొదటిది. డబ్బు చేతులు మారి, షేర్లో ఆస్తులో బదిలీ అయ్యేది రెండోది. దీన్నే క్లోజింగ్ అంటారు. చిన్నాయన కథలో బయానా కాగితం మొదటిది, రిజిస్ట్రేషన్ రెండోది. ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ సూటిగా చెబుతుంది: అమ్మకపు ఒప్పందం తనంతట తాను ఆ ఆస్తి మీద ఏ హక్కునూ పుట్టించదు. సాదా బైనామా కాగితాలు పట్టుకుని ఏళ్ల తరబడి ఎమ్మార్వో ఆఫీసుల చుట్టూ తిరిగిన కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. వాళ్లకు ఈ తేడా పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన పని లేదు.

కంపెనీల విషయంలో ఈ రెండు తేదీల మధ్య నెలలు పడుతుంది. వాటాదారులు ఓటు వేయాలి. అప్పులిచ్చిన బ్యాంకులు ఒప్పుకోవాలి. కొనుగోలు పెద్దదైతే పోటీ నియంత్రణ సంస్థల ఆమోదం కావాలి. మన దేశంలో అది కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, అందరూ సీసీఐ అంటారు. అమెరికాలో న్యాయశాఖ, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చూస్తాయి. యూరప్‌లో యూరోపియన్ కమిషన్ చూస్తుంది. కంపెనీ పది దేశాల్లో వ్యాపారం చేస్తుంటే పది చోట్ల ఆగాలి. ఈ ఆగే కాలంలో కంపెనీ పని ఆగదు. జీతాలివ్వాలి, సరుకు అమ్మాలి, కోర్టు వాయిదాలకు పోవాలి.

కేసు వేసే హక్కు ఎవరికి ఉంటుంది

పేటెంట్ అంటే ఒక కొత్త ఆవిష్కరణను 20 ఏళ్ల పాటు తన అనుమతి లేకుండా ఇతరులు తయారు చేయకుండా, వాడకుండా, అమ్మకుండా ఆపగలిగే హక్కు. మనకు దగ్గరి ఉదాహరణ చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం. వరంగల్ నుంచి హైదరాబాద్ పోయే దారిలో ఉన్న ఆలేరు ఆయనది. చీర నేసే ముందు నూలును చేత్తో తిప్పి సిద్ధం చేయడాన్ని ఆసు పోయడం అంటారు. చీర చీరకూ వేల సార్లు చేయి ఆడించి ఆసు పోసే తల్లి కష్టం చూసి చేసిన యంత్రం అది. దానికి పేటెంట్ వచ్చింది, ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి యంత్రాన్ని ఎవరైనా అనుమతి లేకుండా తయారు చేసి అమ్మితే కోర్టుకు పోగలిగేది పేటెంట్ యజమాని. మన పేటెంట్ల చట్టం 109వ సెక్షన్ ప్రకారం, ఆ పేటెంట్ మీద ప్రత్యేక లైసెన్స్, అంటే ఇంకెవరికీ ఇవ్వకుండా అతనొక్కడికే ఇచ్చిన అనుమతి, పొందినవాడు కూడా పోవచ్చు. కొంటానని బయానా ఇచ్చినవాడికి ఆ దారి లేదు.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. కంపెనీని కొనడం ఒక్క రకంగా జరగదు.

షేర్లు కొంటే పేటెంట్ రిజిస్టర్లో ఏమీ మారదు. పేటెంట్ నిన్న ఆ కంపెనీదే, రేపూ ఆ కంపెనీదే. మారింది ఆ కంపెనీ యజమానులు. కోర్టులో వాది పేరు కూడా అదే ఉంటుంది.

పేటెంట్లనే ఆస్తిగా కొంటే కథ వేరు. 68వ సెక్షన్ ప్రకారం బదిలీ పత్రం రాతపూర్వకంగా ఉండాలి. 69వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్లో ఎక్కించుకోవాలి. ఎక్కించని పత్రాన్ని, కోర్టు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప, హక్కుకు సాక్ష్యంగా చూపలేరు. అప్పటికే నడుస్తున్న కేసులో కొత్త యజమాని వాదిగా నిలబడాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 22వ ఆర్డర్ 10వ రూల్ కింద కోర్టు అనుమతి తీసుకోవాలి.

ఒక కంపెనీని ఇంకో దానిలో కలిపేస్తే అది మూడో రకం. కంపెనీల చట్టం 230 నుంచి 232 వరకు ఉన్న సెక్షన్ల కింద నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు పోవాలి, మనకు హైదరాబాద్ బెంచి ఉంది. పాత కంపెనీ వేసిన కేసులన్నీ కొత్త కంపెనీ పేరున కొనసాగుతాయని ట్రిబ్యునల్ తన ఉత్తర్వులోనే చెప్పగలదు. ఈ విలీన పథకాల్లో తరచూ ఒక మాట కనిపిస్తుంది: పథకం అమల్లోకి వచ్చే దాకా పాత కంపెనీ తన వ్యాపారాన్ని కొత్త కంపెనీ తరఫున ట్రస్టీలాగా నడుపుతుంది అని. అంటే కాగితం మీద యజమాని, మనసులో మాత్రం ధర్మకర్త. కేసు నిర్ణయాలు ఇంకాస్త బరువెక్కేది అక్కడే.

రెండో బ్రేకు

హన్మకొండలో డ్రైవింగ్ స్కూల్ కార్లు చూసే ఉంటారు. స్టీరింగ్ నేర్చుకునేవాడి చేతిలో ఉంటుంది. పక్క సీట్లో కూర్చున్న మాస్టారి కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. ఆయన బండిని తిప్పలేడు, కానీ ఆపగలడు.

కొనుగోలు ఒప్పందాలు కొనేవాడి కాలి కింద పెట్టేది అలాంటి బ్రేకునే. క్లోజింగ్ దాకా వ్యాపారాన్ని మామూలుగా ఎప్పుడూ నడిపే తీరులోనే నడపాలి అని మొదటి షరతు ఉంటుంది. ఆ తర్వాత, కొనేవాడి ముందస్తు అనుమతి లేకుండా చేయకూడని పనుల జాబితా వస్తుంది: కొత్త అప్పులు, పెద్ద ఆస్తుల అమ్మకం, పేటెంట్ల మీద లైసెన్సులు, ఒక మొత్తానికి మించిన రాజీలు. కొన్ని ఒప్పందాల్లో కొత్త పేటెంట్ కేసులు కూడా ఈ జాబితాలోకి ఎక్కుతాయి. సరైన కారణం లేకుండా అనుమతి నిరాకరించరాదని పక్కనే ఒక మాట రాసుకుంటారు. సరైన కారణం అంటే ఏమిటన్న దాని మీదే తర్వాత లాయర్లు కొట్లాడుకుంటారు.

ఈ షరతు ఎందుకు పెడతారో అర్థం చేసుకోవడం కష్టం కాదు. పేటెంట్ కేసు వేయగానే అవతలివాడు ఊరుకోడు. ఈ పేటెంటే చెల్లదని కౌంటర్ క్లెయిమ్ వేస్తాడు. మన దేశంలో అయితే పేటెంట్ల చట్టం 104వ సెక్షన్ ప్రకారం, జిల్లా కోర్టులో ఉన్న కేసు అలా కౌంటర్ పడగానే హైకోర్టుకు పోతుంది. అక్కడ పేటెంట్ రద్దయితే కొనేవాడు ఏ వస్తువు కోసం డబ్బు పోస్తున్నాడో ఆ వస్తువే ఉండదు. రాజీ కూడా అంతే. నెల రోజుల్లో వెళ్లిపోయే యజమాని ఈ రోజు లైసెన్స్ రాసిస్తే, అది పేటెంట్ గడువు దాకా కొత్త యజమాని మెడకు చుట్టుకుంటుంది.

గూగుల్, మోటరోలా: తొమ్మిది నెలల కథ

ఈ చిక్కును ప్రపంచం బహిరంగంగా చూసిన సందర్భం ఒకటుంది. 2011 ఆగస్టు 15న గూగుల్ మోటరోలా మొబిలిటీని కొంటున్నట్టు ప్రకటించింది. షేరుకు 40 డాలర్లు, మొత్తం 1,250 కోట్ల డాలర్లు. మార్కెట్ ధర మీద 63 శాతం ఎక్కువ. అంత పోసింది ఫోన్ల ఫ్యాక్టరీల కోసమే అని ఎవరూ అనుకోలేదు. మోటరోలా దగ్గర దాదాపు 17,000 పేటెంట్లు ఉన్నాయి. అంతకు కొద్ది వారాల ముందే దివాలా తీసిన నార్టెల్ కంపెనీ పేటెంట్ల వేలంలో గూగుల్ ఓడిపోయింది. యాపిల్, మైక్రోసాఫ్ట్ తదితరుల కూటమి వాటిని 450 కోట్ల డాలర్లకు ఎత్తుకుపోయింది. ఆండ్రాయిడ్ మీద కేసులు ముసురుకుంటున్న కాలం అది. గూగుల్‌కు కవచం కావాలి.

అప్పటికే మోటరోలా కోర్టుల్లో ఉంది. మైక్రోసాఫ్ట్ దాని మీద 2010 అక్టోబర్ 1న కేసు వేసింది. మోటరోలా యాపిల్ మీద అదే నెల 6న వేసింది. ఇవి ఒప్పందానికి ముందువి, వాటి దారిన అవి నడుస్తాయి. ప్రశ్న లేచింది కొత్త కేసు మీద.

విలీన ఒప్పందంలో, మోటరోలా తన పేటెంట్లతో కొత్త దావాకు దిగాలంటే గూగుల్ అనుమతి తీసుకోవాలనే షరతు ఉంది. 2012 జనవరి చివర్లో, అంటే క్లోజింగ్‌కు నాలుగు నెలల ముందు, మోటరోలా ఫ్లోరిడాలో యాపిల్ మీద కొత్త కేసు వేసింది. ఐఫోన్ 4ఎస్, ఐక్లౌడ్ దాని గురి. షరతు ఉంది, కేసు పడింది. కాబట్టి గూగుల్ సరే అని ఉండాలి అన్నది చూసేవాళ్లు తీసిన లెక్క. అంతకు ముందు దాకా "మోటరోలా కేసులు మోటరోలావే" అన్న మాట నిలిచేది. ఆ రోజు నుంచి ఆ మాటకు ఒక కాలు విరిగింది.

అయితే బ్రేకు మీద కాలు ఎత్తడం వేరు, స్టీరింగ్ తిప్పడం వేరు. మాస్టారు బ్రేకు వేయలేదు కాబట్టి బండిని ఆయనే నడిపాడు అనగలమా? అనుమతి అడిగారా, అడగకముందే ఆలోచన అటు నుంచి వచ్చిందా, ఏ పేటెంట్లు వాడాలో ఎవరు ఎంచారు, లాయర్లకు సూచనలు ఎవరిచ్చారు, ఇవన్నీ తెలిస్తే తప్ప తేలదు. ఒప్పందంలోని షరతు తలుపుకు తాళం ఉందని మాత్రమే చూపిస్తుంది. లోపల ఏం జరిగిందో చూపించదు.

ఇల్లినాయిస్‌లో జడ్జి రిచర్డ్ పోస్నర్ ముందున్న యాపిల్, మోటరోలా కేసులో ఇదే విషయం ఇంకో రూపంలో వచ్చింది. కొనుగోలుకూ, ఆండ్రాయిడ్ అభివృద్ధికీ సంబంధించిన సమాచారం కావాలని యాపిల్ అడిగింది. గూగుల్ ఉద్యోగులు, గూగుల్ కాగితాలు మా అధీనంలో లేవు, ఇమ్మని గూగుల్‌ను మేం బలవంతపెట్టలేం అని మోటరోలా వాదించింది. ఈ వాదనలో నిజం ఉంది, గమనించాల్సిన సంగతీ ఉంది. క్లోజింగ్‌కు ముందు పట్టు ఒకే వైపు పారుతుంది. కొనేవాడు అమ్మేవాడిని ఆపగలడు. అమ్మేవాడు కొనేవాడి బీరువా తెరిపించలేడు. 2012 మార్చిలో పోస్నర్ ఆ సమాచారం ఇవ్వాలనే ఆదేశించాడు.

కంపెనీ చేతికి రాకముందే దాని పేటెంట్ల గురించి గూగుల్ బయట మాట్లాడింది కూడా. 2012 ఫిబ్రవరి 8న ప్రమాణాల సంస్థలకు ఉత్తరాలు రాసింది. ఫోన్ నెట్‌వర్క్ పనిచేయాలంటే తప్పనిసరిగా వాడాల్సిన పేటెంట్లు కొన్ని ఉంటాయి. వాటికి న్యాయమైన ధరకు అందరికీ లైసెన్స్ ఇస్తామని కంపెనీలు ముందే మాట ఇస్తాయి. మోటరోలా ఇచ్చిన ఆ మాటలను కొనుగోలు తర్వాత తామూ నిలబెడతామని ఆ ఉత్తరాల సారాంశం. మోటరోలా మామూలుగా అడిగే గరిష్ఠ రేటు, ఫోన్ ధరలో 2.25 శాతం, అందులో ఉంది. ఐదు రోజులకు, ఫిబ్రవరి 13న, అమెరికా న్యాయశాఖ, యూరోపియన్ కమిషన్ రెండూ కొనుగోలును ఒప్పుకున్నాయి. కానీ యాపిల్, మైక్రోసాఫ్ట్ ఇచ్చిన హామీల కంటే గూగుల్ మాట అస్పష్టంగా ఉందని న్యాయశాఖ అదే ప్రకటనలో రాసింది. ఈ నిఘా అనవసరమేమీ కాదు. అంతకు పది రోజుల ముందే జర్మనీలో మోటరోలా గెలిచిన తీర్పు అమలు వల్ల యాపిల్ తన ఆన్‌లైన్ దుకాణం నుంచి కొన్ని ఐఫోన్ మోడళ్లను కొన్ని గంటల పాటు తీసేయాల్సి వచ్చింది. అదీ తప్పనిసరి పేటెంట్ల కోవలోని కేసే.

చైనా ఆమోదం 2012 మేలో వచ్చింది. 22న క్లోజింగ్. ఈ తొమ్మిది నెలల్లో ఎప్పుడైనా కొనుగోలు చెడిపోయే అవకాశం ఉందని ఇద్దరికీ తెలుసు. అందుకే ఆమోదాలు రాక ఆగిపోతే గూగుల్ 250 కోట్ల డాలర్లు కట్టాలని ఒప్పందంలో రాసుకున్నారు.

పట్టు మరీ బిగిస్తే చట్టం అడ్డొస్తుంది

ఇంతవరకు చదివితే కొనేవాడు తన రక్షణ కోసం ఎన్ని బ్రేకులైనా పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. అలా కుదరదు. ఆమోదం రాకముందే కంపెనీని చేతిలోకి తీసుకోవడాన్ని గన్ జంపింగ్ అంటారు. పరుగు పందెంలో తుపాకీ పేలకముందే ఉరికినట్టు.

1999లో కంప్యూటర్ అసోసియేట్స్ అనే కంపెనీ ప్లాటినమ్ టెక్నాలజీని 350 కోట్ల డాలర్లకు కొంటూ, ఆ మధ్య కాలంలో ఖాతాదారులకు 20 శాతానికి మించిన రాయితీ ఇవ్వాలంటే తమ అనుమతి కావాలని షరతు పెట్టింది. ఇద్దరూ పోటీదారులు. అమెరికా న్యాయశాఖ కేసు వేసింది. 2002లో 6,38,000 డాలర్ల జరిమానాతో అది ముగిసింది. 2018లో యూరోపియన్ కమిషన్ ఆల్టిస్ మీద ఇదే తప్పుకు 12.45 కోట్ల యూరోల జరిమానా వేసింది. పోర్చుగల్ టెలికం కంపెనీని కొంటూ, దాని రోజువారీ నిర్ణయాల మీద కూడా వీటో పెట్టుకుందని, ఆమోదం రాకముందే జోక్యం చేసుకుందని అభియోగం. కోర్టు తర్వాత జరిమానాను కొద్దిగా తగ్గించింది, తప్పును మాత్రం మాఫీ చేయలేదు.

మన కాంపిటీషన్ చట్టంలో 6వ సెక్షన్ ఇదే చెబుతుంది. సీసీఐ ఆమోదించేదాకా, లేదా 150 రోజులు గడిచేదాకా, కలయిక అమల్లోకి రాకూడదు. తప్పితే 43ఏ సెక్షన్ కింద టర్నోవర్, ఆస్తులు, డీల్ విలువ, వీటిలో ఎక్కువైన దానిలో ఒక శాతం దాకా జరిమానా పడొచ్చు.

పేటెంట్ కేసు ఈ గీతకు ఏ పక్కన పడుతుంది? కొనబోయే ఆస్తి విలువ చెడకుండా చూసుకోవడం దాకా సబబు అన్నది సాధారణ కొలత. పేటెంట్ పణంగా పెట్టే కొత్త దావాను ఆపడం ఆ కొలతలోకి సులభంగా వస్తుంది. ఎవరి మీద వేయాలి, ఏ పేటెంట్ వాడాలి, ఎంత అడగాలి అని చెప్పడం మొదలైతే గీత దాటుతున్నట్టే. ముఖ్యంగా ఆ ప్రతివాది కొనేవాడికి కూడా పోటీదారైతే. అనుమతి షరతు రాసే లాయర్లు ఆపడం గురించే రాస్తారు, నడపడం గురించి రాయరు. దానికి కారణం ఇదే.

మడికొండ నుంచి ఒక లెక్క

ఒక ఊహాజనిత లెక్క వేద్దాం. మడికొండలో ఒక చిన్న కంపెనీ ఎండుమిర్చిని రంగు, తేమ చూసి వేరు చేసే యంత్రం చేసింది అనుకోండి. ఏనుమాముల మార్కెట్లో తేజ మిర్చి బస్తా విప్పి గుప్పెడు కాయ చేతిలోకి తీసుకుని, విరిచి, గింజ రాలే తీరు చూసి ధర చెప్పే పనిని కెమెరాతో చేసే యంత్రం. దాని మీద పేటెంట్ ఉంది, ఇంకా 7 ఏళ్ల గడువుంది. ఆ డిజైన్ కాపీ కొట్టాడని ఒక పోటీదారు మీద కేసు నడుస్తోంది. ఈలోగా ఒక పెద్ద వ్యవసాయ యంత్రాల కంపెనీ దీన్ని 60 కోట్లకు కొంటానని జూన్ 1న సంతకం పెట్టింది. క్లోజింగ్ అక్టోబర్ చివర్న. ఇంత చిన్న కొనుగోలుకు సాధారణంగా సీసీఐ గడప తొక్కాల్సిన పని ఉండదు, బ్యాంకుల ఒప్పుదల కోసమే ఆలస్యం.

ఆగస్టులో ప్రతివాది రాజీకొస్తాడు. ఇప్పుడు కోటి, ఆపైన అమ్మకాల మీద 3 శాతం రాయల్టీ ఇస్తానంటాడు. అతని అమ్మకాలు ఏడాదికి 20 కోట్లు. 3 శాతం అంటే 60 లక్షలు, 7 ఏళ్లకు 4 కోట్ల 20 లక్షలు. కోటి కలిపితే 5 కోట్ల 20 లక్షలు.

రాజీ వద్దని పోరాడితే? గెలిస్తే ప్రతివాది యంత్రాలు ఆగిపోతాయి, అతని అమ్మకాల్లో సగం, అంటే ఏడాదికి 10 కోట్లు ఇటు తిరుగుతాయి అనుకుందాం. చిన్న కంపెనీకి 15 శాతం మిగులు. ఏడాదికి కోటిన్నర, 7 ఏళ్లకు 10 కోట్ల 50 లక్షలు. గెలుపు సగం సగం అవకాశం అనుకుంటే 5 కోట్ల 25 లక్షలు. కోర్టు ఖర్చు 80 లక్షలు తీసేస్తే 4 కోట్ల 45 లక్షలు. రాజీయే మేలు.

అదే కేసును కొనేవాడి కళ్లతో చూడండి. అతనికి పెద్ద ఫ్యాక్టరీ ఉంది, మిగులు 25 శాతం. ఏడాదికి 2 కోట్ల 50 లక్షలు, 7 ఏళ్లకు 17 కోట్ల 50 లక్షలు, అందులో సగం 8 కోట్ల 75 లక్షలు. ఖర్చు పోను 7 కోట్ల 95 లక్షలు. పోరాటమే మేలు.

ఇద్దరూ నిజాయితీగానే లెక్క వేశారు. పేటెంట్ ఒక్కటే, కేసు ఒక్కటే, ప్రతివాదీ ఒక్కడే. ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి కేసు విలువే మారిపోయింది. కొనేవాడు అనుమతి నిరాకరిస్తాడు. క్లోజింగ్ అయిపోతే గొడవ లేదు. కానీ అక్టోబర్‌లో బ్యాంకు ఒప్పుకోక డీల్ చెడితే? ప్రతివాది రాజీ మాట వెనక్కి తీసుకుని ఉంటాడు. డిసెంబర్‌లో పేటెంట్ రద్దయితే మడికొండ కంపెనీకి 5 కోట్ల 20 లక్షలు పోయినట్టే, పైగా లాయర్ల బిల్లులు. ఇంకొకరి లెక్క ప్రకారం ఆడిన ఆటలో వీళ్లు ఓడారు. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే బాధగా అనిపించేది ఈ చోటు. మోటరోలా లాంటి కంపెనీ 250 కోట్ల డాలర్ల హామీ రాయించుకోగలదు. చిన్న కంపెనీ యజమాని సంతకం పెట్టే రోజున 60 కోట్ల అంకె మీదే చూపు పెడతాడు, అనుమతి షరతు పేజీ తిప్పేస్తాడు.

ఇలాంటి నష్టాన్ని పంచే ఏర్పాట్లు ఒప్పందాల్లో లేకపోలేదు. అడిగిన ఇన్ని రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే అని కొందరు రాస్తారు. రాజీ వద్దన్న రోజు నుంచి కోర్టు ఖర్చు కొనేవాడిదే అని ఇంకొందరు రాస్తారు. మా చిన్నాయన సంగతి కూడా చివరికి ఇలాగే తేలింది. సర్వే దరఖాస్తు ఆయన పేరు మీద పడింది, ఫీజు కొనే ఆయన జేబులోంచి పోయింది.

లెక్కలో ఇంకో మలుపు వేయండి. సెప్టెంబర్‌లో గుంటూరులో ఇంకెవరో అదే యంత్రం అమ్మడం మొదలుపెట్టారు. కొత్త కేసు కాబట్టి అనుమతి కావాలి. కొనేవాడు చూద్దాంలే అంటాడు. కానీ మధ్యంతర ఇంజంక్షన్, అంటే తీర్పు వచ్చేదాకా అమ్మకం ఆపమనే ఉత్తర్వు, అడిగినప్పుడు ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నావని కోర్టు అడుగుతుంది. "కొనేవాడు ఒప్పుకోలేదు" అన్నది కోర్టుకు నచ్చే జవాబు కాదు. ఇక కొనేవాడి సేల్స్ మేనేజర్ ఉత్సాహం ఆపుకోలేక గుంటూరు వ్యాపారికి "మా పేటెంట్, కోర్టుకీడుస్తాం" అని ఉత్తరం రాశాడనుకోండి. పేటెంట్ల చట్టం 106వ సెక్షన్ ఆధారం లేని బెదిరింపుల గురించి చెబుతుంది. బెదిరించినవాడికి ఆ పేటెంట్‌తో సంబంధం ఉన్నా లేకున్నా అతని మీద దావా వేయొచ్చు అంటుంది. పేటెంట్ ఉందని ఊరికే తెలియజేస్తే తప్పు లేదు. ఇంకా తనది కాని పేటెంట్‌తో బెదిరిస్తే కొనేవాడే ప్రతివాది బోనులోకి వస్తాడు.

లాయరు రాసిన కాగితం చేతులు మారితే

కొనేవాడు అనుమతి ఇవ్వాలా వద్దా తేల్చుకోవాలంటే కేసు బలమెంతో తెలియాలి. అమ్మేవాడి లాయరు రాసిన గుట్టు అభిప్రాయం చదవాలి. క్లయింటుకూ లాయరుకూ మధ్య మాట రహస్యం. మూడో మనిషికి చూపితే ఆ రహస్యం పోతుందన్నది పాత సూత్రం. మరి కొనబోయేవాడు మూడో మనిషా?

అమెరికా కోర్టులు రెండు రకాలుగా చెప్పాయి. 1987లో హ్యూలెట్ ప్యాకర్డ్, బాష్ అండ్ లాంబ్ మధ్య పేటెంట్ కేసులో, వ్యాపారాన్ని కొనజూస్తున్నవాడికి లాయరు అభిప్రాయం చూపినంత మాత్రాన రహస్యం పోదని కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు అంది. చూపకపోతే కొనుగోళ్లే జరగవు కదా అన్నది దాని వెనకున్న ఆలోచన. 2016లో న్యూయార్క్ అత్యున్నత కోర్టు మరో దారి పట్టింది. బ్యాంక్ ఆఫ్ అమెరికా, కంట్రీవైడ్ విలీనం పూర్తి కాకముందు రెండు కంపెనీలు పంచుకున్న న్యాయ సలహాలకు రక్షణ లేదంది. ఇద్దరికీ ఉమ్మడిగా ఒక కేసు నడుస్తూనో, రాబోతూనో ఉంటేనే ఆ రక్షణ అని గీత గీసింది. కాబట్టి కొనేవాడు ఎంత లోతుగా చూస్తే, రేపు ప్రతివాది చేతికి అన్ని కాగితాలు పోయే ప్రమాదం. చూడకుండా అనుమతి ఇస్తే గుడ్డి సంతకం. అనుభవమున్న లాయర్లు చాలామంది మధ్యకాలంలో కేసు వివరాలను నోటి మాటగా, ఎంత అవసరమో అంతే చెప్పుకోవడానికి ఇష్టపడతారు.

నాలుగు వైపుల నుంచి

అమ్మేవాడి మాట: క్లోజింగ్ దాకా కంపెనీ నాది, నష్టం నాది, నిర్ణయం నాది. కొనేవాడి మాట: ధర ఈ రోజు ఖాయం చేశాను, రేపు అందుకునే వస్తువు ఈ రోజు చూసినట్టే ఉండాలి. రెండూ సబబైన మాటలే, కాబట్టే షరతులు అంత సన్నగా రాస్తారు. ప్రతివాది మాటను మాత్రం చాలా వ్యాసాలు వదిలేస్తాయి. అతనికి తెలియాల్సింది ఒకటే: రాజీకి ఎవరితో కూర్చోవాలి? కోర్టులో ఉన్నవాడు సంతకం పెట్టలేడు, పెట్టగలిగినవాడు కోర్టులో లేడు. యాపిల్ 2012లో కొనుగోలు కాగితాలు అడగడంలో ఎత్తుగడ ఉండొచ్చు, కానీ ఈ న్యాయమైన అవసరం కూడా ఉంది. నాలుగో వైపు జనం, వాళ్ల తరఫున నియంత్రణ సంస్థలు. ఒక పేటెంట్‌తో దుకాణంలోంచి ఫోన్లు మాయం చేయగల శక్తి ఎవరి చేతికి పోతోందో వాళ్లు క్లోజింగ్‌కు ముందే చూడాలి.

మోటరోలా కేసుల్లో చాలా వాటికి గొప్ప గెలుపులు దక్కలేదు. పోస్నర్ 2012 జూన్‌లో ఇరువైపుల కేసులూ కొట్టేశాడు. మైక్రోసాఫ్ట్ వివాదంలో సియాటెల్ జడ్జి జేమ్స్ రోబార్ట్ 2013 ఏప్రిల్‌లో తేల్చిన రాయల్టీ ఏడాదికి సుమారు 18 లక్షల డాలర్లు, మోటరోలా ఆశించిన దానితో పోలిస్తే చిల్లర. 2014 జనవరిలో గూగుల్ ఎక్కువ పేటెంట్లు తన దగ్గరే ఉంచుకుని మోటరోలాను 291 కోట్ల డాలర్లకు లెనోవోకు అమ్ముతున్నట్టు ప్రకటించింది. మే 16న యాపిల్, గూగుల్ తమ మధ్య ఉన్న కేసులన్నీ వెనక్కి తీసుకుంటున్నామని ఉమ్మడిగా చెప్పాయి. ఆ రోజుకు లెనోవోతో సంతకాలు అయిపోయాయి, క్లోజింగ్ ఇంకా కాలేదు. అది అక్టోబర్ 30న అయింది. యాపిల్ మీద మోటరోలా పేరుతో మొదలైన కేసులు, మోటరోలా మళ్లీ అమ్మకానికీ క్లోజింగ్‌కీ మధ్యన ఉన్న నెలల్లోనే ముగిశాయి. ఈసారి అమ్మేవాడు గూగుల్.